కడలి రంగు – ఆకాశపు లెక్క

శ్రావణ భాద్రపదములలో రావులపాలెము వద్ద గౌతమి వంతెన దాటినవారికి గోదావరి రంగును వర్ణించి చెప్పవలసిన పని లేదు. పశ్చిమ కనుమలు మొదలు పాపికొండల దాక తాను తాకిన నేలలన్నిటి మట్టిని ఒంటికి పూసుకొని వచ్చే ఆ నీటిని మన ప్రాంతమువారు ఎర్రనీరు అంటారు. ఎర్రనీరు తగిలినదంటే లంక రైతుకు అరటితోటను గూర్చిన దిగులు, వల పట్టినవానికి పులసను గూర్చిన ఆశ. ఇంతవరకు అందరికీ తెలిసినదే. అయితే ఆ నీరు అంతర్వేది వద్ద, ఓడలరేవు వద్ద, భైరవపాలెము వద్ద కడలిలో కలిసిన పిమ్మట ఏమవుతున్నది? ఒడ్డున నిలిచినవానికి కొంత దూరము ఎర్రగా, ఆవల పచ్చగా, ఇంకను ఆవల నీలముగా కనిపిస్తుంది. అంతటితో చూపు ఆగిపోతుంది. ఆ పచ్చని చారలో ఏమున్నది, అది ఏటేట పెరుగుతున్నదా తరుగుతున్నదా అనే ప్రశ్నకు ఒడ్డునుండి సమాధానము దొరకదు. పడవనుండి కొంతవరకే దొరుకుతుంది. ఆకాశమునుండి ఆ రంగును చదివే విద్య పుట్టి ఇంకా అర్ధశతాబ్దము నిండలేదు. ఆ విద్య చరిత్రను, అందులో మన తెలుగు తీరపు పాలును శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఆ పచ్చదనమునకు కారణము మొక్కలే. కాని వేరు లేదు, కాండము లేదు, ఆకు లేదు. ఒక్కొక్క మొక్క ఒక్క కణము మాత్రమే. గాజు పెట్టెవంటి సన్నని సిలికా కవచము ధరించినవి కొన్ని, వీటిని డయాటములంటారు. కొరడావంటి తోకలతో కదిలేవి కొన్ని. అన్నింటినీ కలిపి శాస్త్రజ్ఞులు వృక్షప్లవకములని పేర్కొంటారు. ప్లవకమనగా తేలియాడునది. నీటి వాలున కొట్టుకొనిపోయే జీవరాశికంతకు ప్లాంక్టన్ అనే పేరు పెట్టినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్, 1887లో. సూర్యకాంతిని ఆహారముగా మార్చే పనిలో భూమిమీది అడవులు, పొలములు, పచ్చికబయళ్లు అన్నీ కలిసి సగము చేస్తే, తక్కిన సగము ఈ కంటికానని మొక్కలు చేస్తున్నవని నేటి అంచనా. వీటిని చిన్న రొయ్యజాతి జీవులు తింటవి. వాటిని కవళ్లవంటి చిన్న చేపలు, వాటిని వంజరమువంటి పెద్ద చేపలు. మన పులస ఉన్నదే, అది కడలిలో ఇలసగా తిరిగే కాలములో సూటిగా ఈ ప్లవకములనే వడగట్టుకొని తిని బ్రదుకుతుంది. పశువుల మంద పెంచేవాడు బీడులో గడ్డి ఎంత ఉన్నదో చూచుకుంటాడు. కడలి వేటమీద బ్రదికే మనము చేపను లెక్కించినాము గాని గడ్డిని లెక్కించిన రోజులు మిక్కిలి తక్కువ.

గడ్డిని లెక్కించాలనే తలపునకు మూలము నీటి రంగు. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతాచార్యుడు, ఖగోళశాస్త్రజ్ఞుడు, పోపుగారి ఓడమీదినుండి తెల్లని పళ్లెరమును త్రాటికి కట్టి మధ్యధరా సముద్రములోనికి దించి, అది ఎంత లోతున కన్నులకు మరుగవుతుందో కొలిచినాడు. నీరు తేటగా ఉంటే లోతు ఎక్కువ. ప్లవకములో మట్టియో ఉంటే తక్కువ. ఇంతకన్న చౌకయైన శాస్త్రపరికరము మరొకటి ఉన్నదో లేదో గాని, నేటికీ దానిని వాడుతున్నారు. తరువాత 1921లో విదేశమునుండి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ సర్ సి. వి. రామన్ మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, అది ఆకాశము ప్రతిబింబము కాదనియు, నీటి అణువులే కాంతిని చెదరగొట్టుటవలన కలిగినదనియు నిరూపించినాడు. బాల్యములో విశాఖపట్టణపు కడలి ఒడ్డున చదువుకొన్న ఆ మహనీయునికి కడలి నీలము కొత్త కాదు. స్వచ్ఛమైన నీటికి తన సహజవర్ణము నీలమని తేలిన పిమ్మట, ఆ నీలమునుండి ఎంత తప్పినదో చూచి నీటిలో ఏమున్నదో ఊహించవచ్చునన్న దారి ఏర్పడినది. దారి ఏర్పడినది గాని నడచేవారు రావలెను గదా.

మన తీరములో ఆ నడక వాల్తేరులో మొదలైనది. 1950 దశకము తొలినాళ్లలో అమెరికానుండి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వచ్చిన యూజీన్ లాఫాండ్, ఇక్కడి విద్యార్థులను పడవలమీద కడలిలోనికి తీసుకొనిపోయి, లోతు లోతున నీటి వేడిమిని, ఉప్పదనమును కొలిపించినాడు. వేసవి తొలినాళ్లలో గాలి నైరుతినుండి తీరము వెంబడి వీస్తుంటే, భూభ్రమణ ప్రభావముచేత పైనీరు తీరమునుండి దూరముగా తొలగిపోవుననియు, ఆ ఖాళీని నింపుటకు అడుగునుండి చల్లని నీరు పైకి ఉబికి వచ్చుననియు ఆయన చూపినాడు. ఆ పరిశీలనలు 1954లో విశ్వవిద్యాలయము ప్రచురించిన సముద్రశాస్త్ర సంపుటములో చేరినవి. అడుగు నీటిలో నత్రజని, భాస్వరము లవణములు దండిగా ఉంటవి. పైకి వచ్చినప్పుడు సూర్యకాంతి తగిలి ప్లవకములు మొలకెత్తినట్లు పెరుగుతవి. అదే కాలములో జంతుశాస్త్రాచార్యులు పి. ఎన్. గణపతిగారు, వారి శిష్యులు లాసన్స్ బే వద్ద సన్నని గుడ్డవలలతో, సీసాలతో ప్లవకములను సేకరించి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి లెక్కించసాగినారు. 1960వ దశకము తొలిసగములో జరిగిన అంతర్జాతీయ హిందూమహాసముద్ర యాత్రలో మన నౌకాదళపు ఓడ కిష్ణా పాల్గొన్నది. అది మన కృష్ణానది పేరే.

ఈ పనిలోని శ్రమను మేము తక్కువ చేయము. నిజమునకు మా దృష్టిలో ఈ చరిత్రలోని అసలు కథానాయకులు ఆ సీసాలవారే. కాని వారి పనికి ఒక సహజమైన ఎల్ల ఉన్నది. ఒక సీసా నీరు ఒక్క చోటిది, ఒక్క గడియది. ఇచ్ఛాపురము మొదలు తడ దాక ఉన్న మన తీరములో ఒకే దినమున వేయి చోట్ల సీసా ముంచగల పడవలు ఏ విశ్వవిద్యాలయమునకును లేవు. పైగా ప్లవకముల జీవితము దినములలో ముగుస్తుంది. పదిహేను రోజులకొకసారి వెళ్లే పడవకు నడుమ వచ్చి పోయిన పచ్చదనము కనబడనే కనబడదు.

1978 అక్టోబరు 24న అమెరికావారు నింబస్ 7 అనే ఉపగ్రహమును పైకి పంపినారు. దానిలో ఒక పరికరము తీరసముద్రముల రంగును చదువుటకే ప్రత్యేకముగా చేసినది. దాని కిటుకు వినుటకు సులభము. మొక్కలలోని పత్రహరితము నీలికాంతిని మింగివేస్తుంది, ఆకుపచ్చకాంతిని అంతగా మింగదు. కనుక కడలినుండి పైకి వచ్చే కాంతిలో నీలము ఎంత, పచ్చ ఎంత అని వేర్వేరుగా కొలిచి, ఒకదానిని మరొకదానితో భాగిస్తే పత్రహరితము ఎంత ఉన్నదో లెక్క తేలుతుంది. చేయుట మాత్రము అంత సులభము కాదు. ఉపగ్రహమును చేరే కాంతిలో సుమారు పదింట తొమ్మిది పాళ్లు కడలినుండి వచ్చినది కానే కాదు. నడుమనున్న గాలి, ధూళి చెదరగొట్టినది. తొమ్మిది పాళ్ల వెలుగును తీసివేసి, మిగిలిన ఒక పాలులో నీలమునకు పచ్చకు ఉన్న తేడాను పట్టవలెను. గాలిని గూర్చిన లెక్కలో చిన్న పొరపాటు దొర్లినా, కడలిని గూర్చిన లెక్క తారుమారవుతుంది. ఒక సంవత్సరము ప్రయోగమునకని పంపిన ఆ పరికరము 1986 దాక పనిచేసినది. పనిచేసినన్నాళ్లు దినమునకు కొద్ది గంటలే కన్ను తెరిచినది. అయినను ప్రపంచ సముద్రముల పచ్చదనము ఒకే పటములో కనిపించుట అదే మొదలు.

ఆ తరువాత దాదాపు పదేండ్లు ఆకాశములో అటువంటి కన్ను లేదు. చరిత్ర వ్రాసేవానికి ఇంతకన్న బాధాకరమైన ఖాళీ ఉండదు. దస్తావేజుల కట్టలో నడిమి పుటలు చినిగిపోయినట్లు. 1996 మార్చిలో శ్రీహరికోటనుండి ఎగిరిన మన ఐ.ఆర్.ఎస్. పి3 ఉపగ్రహములో జర్మనులు చేసిన రంగు కొలిచే పరికరము ఒకటి ఉన్నది. 1997 ఆగస్టులో అమెరికావారి సీవిఫ్స్ పరికరము వచ్చినది. ఇది ఒక ప్రైవేటు కంపెనీ సొత్తు. ప్రభుత్వ సంస్థయైన నాసా దానినుండి కొలతలను కొనుక్కొన్నది. సీవిఫ్స్ వారు చేసిన ఒక పని మాకు మిక్కిలి నచ్చినది. ఆకాశములో పరికరపు అద్దములు కాలక్రమమున మసకబారుతవి. కడలి పచ్చదనము మారినదో, పరికరపు చూపు మందగించినదో తెలియుటెట్లు? అందుకని వారు నెలకొకసారి ఉపగ్రహమును తిప్పి చంద్రుని చూపించేవారు. చంద్రుని మీద గాలి లేదు, నీరు లేదు, మొక్క లేదు. ఆ మొగము రంగు మారదు. చంద్రుడు మసకగా కనిపిస్తే తప్పు పరికరానిదే. ఆ పరికరము 2010 డిసెంబరు దాక నడిచినది.

1999 మే 26న మన కన్ను తెరుచుకున్నది. ఆనాడు పి.ఎస్.ఎల్.వి. సి2 వాహనము శ్రీహరికోటనుండి ఓషన్‌శాట్ 1 అనే ఉపగ్రహమును, దానితో పాటు కొరియావారిది ఒకటి, జర్మనులది ఒకటి మోసుకొనిపోయినది. ఒకే వాహనములో ఇందరిని మోయుట మనకు అదే మొదలగుటచేత పత్రికలు ఆ సంగతికే పెద్దపీట వేసినవి. ఓషన్‌శాట్‌లోని సముద్రవర్ణ పరికరము ఎనిమిది రంగులను విడివిడిగా చూచేది. ఒక్కొక్క చుక్క సుమారు 360 మీటర్ల మేర. ఒక్క చూపులో 1420 కిలోమీటర్ల వెడల్పు. రెండు దినములకొకసారి అదే చోటికి తిరిగి వచ్చేది. అమెరికా పరికరమునకు ఒక చుక్క వేయి మీటర్లకు పైమాటే కనుక, యానాము వద్ద గౌతమి ముఖమువంటి ఇరుకైన చోట్లను చూచుటకు మనదే మేలు. అదే 1999లో హైదరాబాదులో భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఏర్పడినది. దీనిని క్లుప్తముగా ఇన్‌కాయిస్ అంటారు. రెండవ ఓషన్‌శాట్ 2009 సెప్టెంబరు 23న, మూడవది 2022 నవంబరు 26న బయలుదేరినవి. మూడవదానికి పదమూడు రంగులను చూచే శక్తి ఉన్నది.

ఇక్కడ మన ఎర్రనీటికి తిరిగి రావలెను. పైన చెప్పిన నీలము, పచ్చల భాగాహారము నడికడలిలో చక్కగా పనిచేస్తుంది. ఏలయనగా అక్కడి నీటి రంగును మార్చేది ప్లవకము ఒక్కటే. నదీముఖములలో అట్లు కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రు కాంతిని వెదజల్లుతుంది. అడవులలో, పొలములలో, మడ చెట్ల క్రింద కుళ్లిన ఆకుల కషాయము నీటిలో కరిగి, పత్రహరితమువలెనే నీలికాంతిని మింగుతుంది. పైనుండి చూచే పరికరమునకు కోరంగి మడ అడవుల కషాయమును చూచి కడలి పచ్చబడినదనే భ్రమ కలుగవచ్చును. ఈ రెండు విధములైన నీళ్లను వేరుచేసి చెప్పినవారు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆంద్రె మోరెల్, లూయీ ప్రియెర్, 1977లో, అనగా మొదటి ఉపగ్రహము ఎగురుటకు ఒక ఏడాది ముందే. చిక్కు ముందే తెలుసు. విప్పుట మాత్రము నేటికీ పూర్తి కాలేదు. వేరే రంగులను వాడే లెక్కలు వచ్చినవి, ఎర్రకాంతి అంచులను చూచే పద్ధతులు వచ్చినవి. కాని ఏ లెక్కనైనను తీరములో నమ్మవలెనంటే, ఉపగ్రహము నెత్తిమీదుగా పోయే వేళకే ఒక పడవ ఆ చోట నిలిచి సీసా ముంచవలెను. లాసన్స్ బే సీసా ఇంకా పదవీ విరమణ చేయలేదన్నమాట. ఇన్‌కాయిస్ సాట్‌కోర్ అనే పేర ఇటువంటి తీర పరిశీలనలను నడిపినది.

మరొక చిక్కు మేఘములు. గోదావరి కడలికి ఇచ్చే నీటిలో అధికభాగము జూలైనుండి అక్టోబరులోగా వస్తుంది. ఆ నెలలలోనే ఆకాశము మూసుకొని ఉంటుంది. కాంతిని చూచే కంటికి మేఘము అడ్డుగోడ. నది కడలికి అన్నము వడ్డించే వేళకే తెర పడుతుంది. తెర తొలగి చూచేసరికి విస్తళ్లు ఎత్తివేసి ఉంటవి. వారముల, నెలల సగటులు కట్టి ఈ లోపమును కొంత పూడ్చుకుంటున్నారు గాని, అది పూడ్చుకొనుటయే. మేఘములు కొంత తగ్గే ఈశాన్య ఋతుపవన కాలములో మాత్రము ఈ కన్ను గొప్ప సంగతులను చూపినది. ఆ కాలమున బంగాళాఖాతపు నైరుతి భాగములో ప్లవకములు విరివిగా పెరుగుననియు, తుపానులు కడలిని చిలికి అడుగు లవణములను పైకి తెచ్చుటచేత ఆ పెరుగుదల ఇంకను హెచ్చుననియు బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థకు చెందిన వినయచంద్రన్, ఆయన సహచరులు 2003లో ప్రకటించినారు. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను ఏమి చేసినదో చూచినవారికి, తుపాను కడలికి దున్నకమువంటిదన్న మాట మింగుడుపడదు. నిజము మాత్రము అదే.

ఇక దీర్ఘకాలపు మార్పు మాట. ఇక్కడ తొందరపాటు పనికిరాదు. ఎల్ నినో వచ్చిన ఏడు ఒక తీరు, రాని ఏడు ఒక తీరు. ఈ ఎగుడుదిగుళ్లలోనుండి నిజమైన ధోరణిని వేరుచేయుటకు సుమారు నలుబదేండ్ల ఎడతెగని కొలతలు కావలెనని 2010లో కొందరు లెక్కగట్టినారు. 1997 సెప్టెంబరునుండి లెక్కవేసినా మనకు ఇంకా అన్ని ఏండ్లు సమకూడలేదు. ఉన్న ఏండ్లైనను ఒకే పరికరమువి కావు. ఒకదాని చూపుకు మరొకదాని చూపును సరిచూచి అతికించినవి. అదే 2010లో సెక్కి పళ్లెరపు పాత కొలతలను, నీటి నమూనాలను కలిపి, ప్రపంచ సముద్రములలో ప్లవకములు ఏటా నూటికి ఒక వంతు చొప్పున తగ్గుతున్నవని కెనడా శాస్త్రజ్ఞులు ప్రకటించగా, వేర్వేరు విధములైన కొలతలను కలిపినందువలననే ఆ తగ్గుదల కనబడినదని ఇతరులు ఎదురుచెప్పినారు. ఆ వాదము శాస్త్రమునకు మేలే చేసినదని మా అభిప్రాయము. 2016లో పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, సహచరులు హిందూమహాసముద్రపు పడమటి భాగములో గడచిన ఆరు దశాబ్దములలో ప్లవకములు నూటికి ఇరువది వరకు తగ్గినవని చెప్పినారు. పైనీరు వేడెక్కి తేలికపడి మూతవలె నిలిచి, అడుగు లవణములను పైకి రానీయకపోవుటే కారణమన్నారు. మన బంగాళాఖాతములో ఆ మూత ప్రకృతి ముందే పెట్టినది; గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ పోసే తీపినీరు ఉప్పునీటిపై పొరవలె తేలుతుంది. మన కడలి అరేబియా సముద్రమంత పచ్చగా ఉండకపోవుటకు అదొక ముఖ్యకారణము.

తీరములో మరొక కథ నడుస్తున్నది. దానిలో వాతావరణముతో పాటు మనిషి చేయి సూటిగా ఉన్నది. ధవళేశ్వరము వద్ద కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తి అయిననాటినుండి గోదావరి నీరు డెల్టా పంటలకు మళ్లినది. ఎగువన మహారాష్ట్రములో, తెలంగాణములో జలాశయములు లేచిన కొలది, ఒండ్రు వాటిలోనే నిలిచిపోసాగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగోళ శాస్త్రజ్ఞులు హేమమాలిని, నాగేశ్వరరావుగారలు 2004లో ప్రకటించిన లెక్క ప్రకారము 1970 దశకములో ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నులుగా ఉన్న గోదావరి ఒండ్రు, 1990 దశకమునాటికి ఆరు కోట్ల టన్నులకు లోపే. కోనసీమ అంచు కోసుకొనిపోవుటకు ఇది ముఖ్యకారణమని వారు ఉపగ్రహ చిత్రములతోనే చూపినారు. నేల సంగతి అందరికీ కనిపిస్తుంది. కాని ఒండ్రుతో పాటు డయాటముల గాజు కవచమునకు కావలసిన సిలికా కూడ నదియే కడలికి మోస్తుంది. జలాశయములలో ఆగేది మట్టి ఒక్కటే కాదు.

వేసవిలో ఆనకట్ట తలుపులు మూసిన పిమ్మట దిగువ గౌతమిలోనికి వచ్చే తీపినీరు మిక్కిలి స్వల్పము. వరదలో నీరు వడిగా, మురికిగా ఉండి ప్లవకములకు నిలిచే తావుగాని చాలినంత వెలుగుగాని దొరకవు. ప్రవాహము తగ్గి నీరు తేరుకొని నిలిచినప్పుడు అవి విజృంభిస్తవి. గోదావరి ముఖములో ప్రవాహము తగ్గుటవలన ప్లవకముల విజృంభణ తీవ్రమవుతున్నదని 2012లో ఒక పరిశీలన వెలువడినది. కనుక నదీముఖము మునుపటికన్న పచ్చగా కనిపించినంత మాత్రమున కడలికి మంచిరోజులు వచ్చినవని ఎంచరాదు. నిలువనీటి చెరువు కూడ పచ్చగానే ఉంటుంది గదా. అందులో పెరిగినవి చేపలకు ఇష్టమైన డయాటములా, మరొకటియా అన్నది చూడవలెను. అరేబియా సముద్రములో శీతకాలమున డయాటముల స్థానమును నాక్టిల్యూకా అనే పచ్చని జీవి ఆక్రమిస్తున్నదని 2014లో తేలినది. దానిని తినే చేపలు బహు తక్కువ. ఎంత ఉన్నదో చెప్పే ఉపగ్రహములు ఏది ఉన్నదో స్పష్టముగా చెప్పలేకపోయినవి. ఆ లోటు తీర్చుటకే 2024 ఫిబ్రవరిలో నాసావారు పేస్ అనే ఉపగ్రహమును పంపినారు; అది పది పన్నెండు రంగులతో తృప్తిపడక కాంతిని వందలాది సన్నని పాయలుగా విడదీసి చూస్తుంది.

ఇంతకు ఈ లెక్కలతో మన బెస్తపల్లెలకు వచ్చినదేమి? వచ్చినది ఉన్నది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే హద్దుల వద్ద, పచ్చదనము దట్టముగా ఉన్నచోట చేపలు గుమిగూడుతవి. ఆ చోట్లను గుర్తించి, ఏ రేవునుండి ఏ దిక్కుగా ఎంత దూరమో, అక్కడ లోతు ఎంతో ఇన్‌కాయిస్ తెలుపుతుంది. రేవులలోని వెలుగు పలకలపైన, ఫోనులలో, మన రేడియోలో ఆ సమాచారము అందుతుంది. చమురు ఖర్చు భరించలేని పడవవానికి వెదుకులాట తగ్గుట చిన్న మేలు కాదు. అయితే మేఘములు కమ్మినప్పుడు ఆ సలహా ఉండదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషేధకాలములోను ఉండదు. మరొక సంగతి కూడ చెప్పక తప్పదు. చేప ఎక్కడున్నదో చెప్పే విద్య చేపను పెంచదు. రేపటి వేటకు దారి చూపే ఆ కొలతలనే ఏండ్ల తరబడి భద్రపరచి వరుస పెట్టితే, బీడులో గడ్డి సంగతి తెలుస్తుంది. ఈ రెండవ పనికి చప్పట్లు తక్కువ, ఓపిక ఎక్కువ. ఒక ఉపగ్రహము అలసిపోకముందే మరొకటి ఎగురవలెను. రెండును కొన్నాళ్లు కలిసి తిరిగి ఒకదాని చూపుకు మరొకటి సాక్ష్యము చెప్పవలెను. లేనిచో 1986 తరువాతి ఖాళీ వంటిదే మరొకటి ఏర్పడుతుంది.

ఓషన్‌శాట్ ఉపగ్రహములు మన తీరము మీదుగా మిట్టమధ్యాహ్నపు ప్రాంతమున పోతవి. ఆ వేళకు సీసాలతో, పళ్లెరముతో కడలి మీద సిద్ధముగా ఉండవలెనంటే పరిశోధకులు తెల్లవారకముందే రేవు విడువవలెను. ఎండ తలమీద ఉన్నప్పుడు ఒకరు త్రాడు దించుతారు, ఒకరు నీరు వడగడతారు, ఒకరు గడియారము చూచి వేళ వ్రాసుకొంటారు. వడగట్టిన కాగితముమీద మిగిలే లేత పచ్చని మరకను ప్రయోగశాలకు చేర్చేదాక చీకటిలో, చల్లగా ఉంచుతారు.